నీరు తాగిన పడవ

కడప జిల్లాలో పడవ బాగుచేయించామంటే నవ్వేవారున్నారు. వేసవిలో పెన్న ఇసుకలో నడుస్తూ పెరిగిన ప్రొద్దుటూరు వాణ్ణి గనుక ఆ నవ్వు నాకూ తెలుసు. కానీ నేడు జమ్మలమడుగు దగ్గర మైలవరం జలాశయం 9.96 టీఎంసీలు పట్టగలదు. దానికి ఎగువన గండికోట 26.85 టీఎంసీలు. పులివెందుల అవతల పార్నపల్లె వద్ద చిత్రావతి మరో 10. నీళ్లున్నచోట చేపలుంటాయి, చేపలున్నచోట పడవలూ ఉంటాయి.

మా చిన్నాయన రైతు. గండికోట నీళ్లు 2020లో తాళ్ళప్రొద్దుటూరులోకి వచ్చేనాటికే ఆ పక్క ఆయన చేను మునిగిపోయింది. పరిహారం అప్పులకూ, కూతురి పెళ్లికీ పోగా మిగిలినదానితో కోస్తా నుంచి ఒక పాత ఫైబరు పడవను లారీలో తెప్పించుకున్నాడు. అంతవరకూ ఆయన చేపలు పట్టింది పుట్టిలోనే. ఆయనకు ఈత రాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి.

ఆరుగురు మోయగల 14 అడుగుల పడవ అది. పదిమంది పట్టుకుంటే గాని లారీ దిగలేదు. పైకి చెమ్మ లేదు, పగులు లేదు. అరుగు మీద వేలితో కొడితే మాత్రం ముగ్గిన పనసకాయను తట్టినట్టు బొద్దుగా పలికింది. చిన్న రంధ్రం వేయించగానే నల్లటి నీరు కారింది.

ఇటువంటి పడవలలో అరుగు కింద ఫోమ్ నింపుతారు. పడవ నిండా నీళ్లు పడ్డా మునిగిపోకుండా అదే పట్టి ఉంచుతుంది. 300 లీటర్ల చోటు నింపే ఫోమ్ పొడిగా ఉంటే 10 కిలోలు కూడా తూగదు. సగం నీరు తాగిందంటే 150 కిలోలు దాటుతుంది. మరల ఊడిపోయిన రంధ్రాల గుండా ఏళ్ల తరబడి దిగిన నీరు లోపలి గదులను చీల్చుకుంటూ పోతుంది. లోనికి వెళ్లడానికి దొరికిన దారి బయటకు రావడానికి దొరకదు. ఎండలో పెడితే ఆరుతుందిలే అన్నాడు చిన్నాయన. జమ్మలమడుగు ఎండ మీద మాకున్న నమ్మకం అలాంటిది! ఇటుకంత ముక్క కోసి మిద్దె మీద పది రోజులు పెట్టాం. పైన చిప్పలా ఎండింది. విరిస్తే లోపల తడే.

పులివెందులలో ఫైబరు తలుపులు చేసే మేస్త్రీ ఒకాయన వచ్చాడు. చుట్టూ రెండు వేళ్ల అంచు వదిలి అరుగును కోశాడు, తిరిగి కూర్చోబెట్టడానికి అంచు ఉండాలి గనుక. ఫోమ్‌ను పారతోనూ ఉలితోనూ తవ్వవలసి వచ్చింది. లోపలి ప్లైవుడ్ పట్టీలు చేత్తో నలిపితే పొడి అయ్యాయి. అవీ మార్చాం. ఫైబరు దుమ్ము దురద గురించి రాయను, తలచుకుంటే ఇప్పటికీ మెడ గోక్కోవాలనిపిస్తుంది.

చౌక గదా అని థర్మోకోల్ నింపుదామన్నారు కొందరు. పాలియెస్టర్ రెజిన్ తగిలితే అది కరిగిపోతుంది. అప్పుడే చిన్నాయన అసలు ప్రశ్న వేశాడు.

"ఆ బురుగంతా యాలరా? ఖాళీగా మూసేస్తే ఇంకా తేలిగ్గా తేల్తాది గదా?"

"తేలుతుంది చిన్నాయనా, అడుగున చిల్లు పడనంతవరకు. ఆ నీళ్లకింద ఏమేమున్నాయో నీకే బాగా తెలుసు."

మొండిగోడలు, చెట్ల మోళ్లు. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మన గోడలే మనల్ని పొడుచ్చాయంటావు" అని, చెవికమ్మలు కుదువపెట్టడానికి పిన్నమ్మను ప్రొద్దుటూరు పంపాడు.

రెండు ద్రవాలు కలిపితే పొంగి గట్టిపడే ఫోమ్ తెచ్చాం. ఒక్కసారిగా పోస్తే వేడెక్కి పాడవుతుంది గనుక కొంచెం కొంచెంగా పోయాలి. రెజిన్‌లో హార్డెనర్ నూటికి 2 పాళ్లు కలపడం మేస్త్రీ అలవాటు. మే నెల ఎండకు అది బకెట్లోనే గడ్డకట్టింది. ఒక పాలుకు తగ్గించి, తెల్లవారుజామున ఐదింటికే పని మొదలుపెట్టాడు. మర రంధ్రాలన్నీ మూసేసి, నీరు పోయేందుకు వెనుక బిరడా పెట్టించాం.

మైలవరం ఒడ్డున మొలలోతు నీళ్లలో నిలబెట్టి, బిందెలతో పడవ నిండా నీళ్లు పోశాం. అంచులు నీటికి జానెడు పైననే నిలిచాయి. చిన్నాయన ఆ నీళ్లలోనే ఎక్కి కూర్చున్నాడు, పంచె తడుస్తున్నా కదలకుండా. మేస్త్రీ అంచు పట్టుకుని ఊపాడు. ఇంకొకసారి ఊపమన్నాడు చిన్నాయన.

ఇప్పుడాయన గండికోట నీళ్లమీద వల వేస్తున్నాడు. ఒకప్పుడు తన చేను గట్టున చింతచెట్టు ఉన్న తావులో చేపలు బాగా పడతాయట. వల మాత్రం కొమ్మలకు చిక్కి వారానికోసారి చినుగుతోంది.