గరుసు నేల, చెక్కుకుపోయిన మోకాలు
ఈ పొద్దు కర్నూలులో పిల్లోళ్లు ఫుట్‌బాల్ ఆడుతాంటే నిలబడి చూసినా. గడ్డి లేని గరుసు నేల. ఒకడు వెనకనుంచి జారుతూ వచ్చి కాళ్లకు తన్నినాడు. పడినోని మోకాలు చెక్కుకుపోయింది.

నాకు బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ కళ్లముందు మెదిలినాడు. 2014 జులై 4, వరల్డ్ కప్ క్వార్టర్‌ఫైనల్. కొలంబియా ఆటగాడు జునిగా మోకాలు నడుముకు తగిలి వెన్నుపూస విరిగింది. రెఫరీ ఎల్లో కార్డు కూడా తీయలేదు! ఎదుటోనికి ప్రమాదం తెచ్చే టాకిల్‌కు రెడ్ కార్డే అని రూలు చెప్తాంది కదా, మరి ఎందుకు తీయరు?

దెబ్బతోనే ఆడించిన కథ ఇంకొకటి ఉంది. 1962 ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఇండియా కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్, తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను ఫైనల్‌లో ఆడించినారు. గోల్ కొట్టినాడు, బంగారం వచ్చింది. చిన్నప్పుడు ఆ కథ వింటే ఒళ్లు పులకరించేది. ఇప్పుడు ఆ కుట్లే గుర్తొస్తాండాయి.

ఆ పడిన పిల్లోడు కుంటుకుంటూ మళ్లీ ఆటలోకి పోతాంటే చెయ్యి పట్టి ఆపినా. బోరింగు కాడ మోకాలు కడిగినా.