బొటనవేలు తీసిందెవరు?

సికింద్రాబాద్‌లో ఓ ఫొటోగ్రఫీ కాలేజీ పిల్లలు చరిత్రకెక్కిన ఫొటోగ్రాఫర్ల మీద ప్రదర్శన పెట్టారు, చూసి రాయమన్నారు ఎడిటర్‌గారు. హాల్లో కార్టియే బ్రెసాన్, ఆన్సెల్ ఆడమ్స్ వగైరాలంతా కొలువుదీరి ఉన్నారు. ప్రతి ఒక్కరికీ పుట్టిన ఏడు, పోయిన ఏడు, కింద 'ప్రభావం' అని నాలుగు ముక్కలు. ఒకరివి ఇంకొకరికి అంటించినా ఎవరూ పోల్చుకోలేరు. అక్కడ నాకు కాలు నిలవలేదు.

నిలిచింది వెనక గదిలో. పాతకాలపు పని చూపించడానికి పిలిపించిన పెద్దాయన రీటచింగ్ డెస్క్ ముందు కూర్చున్నారు. ఏటవాలు చెక్క, మధ్యలో పాలగాజు, కింద వెలుతురును పైకి కొట్టే అద్దం. గాజు నెగటివ్ మీద 'మీడియం' చుక్క వేసి గుడ్డతో రుద్దారు. అది లేకపోతే పెన్సిల్ అంటదు. పెన్సిల్ మొనను గరుకు కాగితం మీద సూదిలా అరగదీశారు. కంటి కింద ముడత నెగటివ్‌లో పల్చటి గీతగా ఉంటుంది. అందులో కామాల్లాంటి చిన్న చిన్న గీతలు. చెయ్యి కదిలినట్టే లేదు, ముడత మాత్రం పూడిపోయింది. నలుపు తెలుపులు తారుమారైన ముఖాన్ని ఆయన మామూలు ముఖంలాగే చదువుతున్నారు.

అంతలో ఓ అమ్మాయి తన స్లయిడ్లు ఆయనకు చూపించడానికి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. డొరొతియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో, బఠాణీ కూలీల గుడారంలో తీసిన 'మైగ్రెంట్ మదర్'. ఫొటో కింద మూలన గుడారపు గుంజ పట్టుకున్న బొటనవేలు ఉండేదట. అందం చెడుతోందని 1939లో లాంగ్ నెగటివ్ మీదే దాన్ని మాయం చేయించింది.

"చేయించింది సరే, తీసిందెవరు బిడ్డా?" అన్నారాయన.

ఆ అమ్మాయి స్లయిడ్లు వెనక్కీ ముందుకీ జరిపింది. లేదు.

"వేలు తియ్యాలంటే పెన్సిల్ పనికిరాదు, కత్తితో గీకాలె. చెయ్యి జారితే నెగటివ్ పాయె. అంత పని చేసినోని పేరే లేదా?"

నిజానికి ఫొటోలోని తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసిందే 1978లో. ఇక రీటచర్‌ని పట్టించుకునేదెవరు?

మన ఊరి సంగతీ అంతే. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లోనే స్టూడియో పెట్టాడు. పరదా స్త్రీల కోసం 1892లో జెనానా స్టూడియో తెరిస్తే, దాన్ని నడిపిన ఆంగ్లేయురాలు ఎక్కువచోట్ల 'మిసెస్ కెన్నీ-లెవిక్' గానే మిగిలింది. నవాబుల ముఖాలు దిద్దిన చేతులకు ఆపాటి గుర్తింపు కూడా లేదు. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొని భద్రపరిచింది. మంచిదే. కానీ పెన్సిల్ పనంతా ఉండేది గాజు మీద. ప్రింటులో అది నున్నటి చర్మంగానే కనిపిస్తుంది. మనవాళ్ల పరిశోధన ఇంకా ఆ ప్రింటు దగ్గరే, అదీ ఫోన్ తెర మీది ప్రింటు దగ్గరే ఆగిపోతోంది. పలకను వెలుతురుకు పెట్టి, ఇక్కడ పెన్సిల్, ఇక్కడ కత్తి అని చూపగలిగే ఈ రీటచింగ్ పెద్దాయన లాంటివాళ్లు ఎంతమంది మిగిలారు? వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు రాసుకుంటున్నారు?

ఈ మాటే ఆ కాలేజీ లెక్చరర్‌తో అన్నాను.

"చేయొచ్చు సార్," అన్నాడు. "కానీ మార్కులు స్లయిడ్లకే."