మా ఇంటి టెలిఫోను గంట

మా ఇంటిలో నల్లని టెలిఫోను యంత్రమొకటి కలదు. దాని యడుగున బెంగుళూరు కర్మాగారపు ముద్ర యున్నది. మన దేశమునందు టెలిఫోనులను తయారుచేయుటకై 1948వ సంవత్సరమున స్థాపింపబడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీసు వారి కర్మాగారమది. యంత్రపు ముఖమున పది రంధ్రములు గల చక్రమును, వీపుమీద మాటాడు పిడియు, కడుపులో రెండు గంటగిన్నెలును ఉన్నవి. మా తండ్రిగారు జీవించియున్న కాలమున ప్రతి శనివారమును దానిని మెత్తని గుడ్డతో తుడిచెడివారు. వారు గతించి ఆరు సంవత్సరములైనను దానిని పారవేయుటకు మాకు చేతులు రాలేదు.

మన విద్యార్థులలో పలువురు ఇట్టి యంత్రమును చూచియుండరు. కోరిన అంకె గల రంధ్రములో వ్రేలుంచి, అడ్డుకొక్కెము తగులువరకు చక్రమును త్రిప్పి విడువవలెను. చక్రము తనంతట తాను వెనుకకు మరలును. మరలునప్పుడు తీగలోని విద్యుత్ప్రవాహమును తెంచుచు, కలుపుచు వచ్చును. ఒకటికి ఒకమారు, అయిదునకు అయిదుమార్లు, సున్నకు పదిమార్లు తెంచును. సెకనునకు రమారమి పది తెంపులు. వానిని లెక్కించి అవతలి కేంద్రములోని యంత్రము కోరిన యింటికి తీగను కలుపును. మనుష్య సహాయము లేక ఇట్లు కలుపు యంత్రమునకు 1891వ సంవత్సరమున అమెరికాలో పేటెంటు పొందిన స్ట్రోజరు ఇంజనీరు కాడు. శవసంస్కారములు జరిపించు వృత్తిలోనివాడు. ఏ విద్య ఎవనియందు దాగియుండునో మనము ముందుగా చెప్పజాలము. ఈ మాటను నేను తరగతిలో పలుమారు చెప్పియుంటిని. దాని యర్థము నాకు ఈ సంవత్సరమే బోధపడినది.

మా తల్లిగారికి చూపు మందగించినది. నేటి చేతి టెలిఫోను వారికి నున్నని గాజుపలక మాత్రమే. దానిపై వ్రేలికి తగులు అంకె యొక్కటియు లేదు. నల్లని యంత్రముమీదనైతే అడ్డుకొక్కెమునుండి వ్రేలితో రంధ్రములను లెక్కించుకొని, కన్నులు మూసికొనియు ఏ అంకెనైనను త్రిప్పగలరు. నా చెల్లెలు విశాఖపట్టణమున నర్సుగా పనిచేయుచున్నది. వారమునకు ఒకమారు, బుధవారము రాత్రి ఎనిమిది గంటలకు, తల్లితో మాటాడుట దాని నియమము. ఆ మాటలు నా చేతి టెలిఫోనులోనే జరుగుచుండెను. నేను ఇంట లేనినాడు మాటలును లేవు.

ఈ విద్యాసంవత్సర ప్రారంభమున మా వీధిలోని పాత రాగితీగలను తీసివేసి ఫైబరు తీగలు వేసిరి. మా గోడకు ఒక చిన్న పెట్టె బిగించిరి. దానికి టెలిఫోను తగిలించు రంధ్రమొకటి యుండుట చూచి, మా తండ్రిగారి యంత్రమును దానికి కలిపితిని. పిడి నెత్తి చెవియొద్ద నుంచుకొనగా తుమ్మెద నాదము వంటి ధ్వని వినవచ్చెను. నోటియొద్ద ఊదగా నా ఊపిరి నా చెవికి వినబడెను. "అమ్మా, యంత్రము చక్కగా నున్నది. బుధవారమునాడు చెల్లెలు దీనికే పిలుచును. గంట మ్రోగగానే నీవే ఎత్తవచ్చును" అని చెప్పి, చెల్లెలికిని ఆ మాటయే తెలిపితిని.

ఆ బుధవారము పాఠశాలలో ఉపాధ్యాయుల సమావేశముండెను. నేను ఇల్లు చేరునప్పటికి తొమ్మిదిన్నర గంటలైనది. మా తల్లిగారు యంత్రము ప్రక్కన కుర్చీలో కూర్చుండియుండిరి. అన్నముపై మూత తీయలేదు. "చెల్లెలు పిలిచినదా?" అని యడిగితిని. "లేదురా నాయనా. దానికి పని యెక్కువయియుండును" అని చెప్పి, గోడవైపు ముఖము త్రిప్పుకొనిరి. నా సంచిలో మూగగా నుంచిన చేతి టెలిఫోనును తీసి చూడగా, చెల్లెలు నల్లని యంత్రమునకు నాలుగుమార్లు పిలిచియు, ఎవరును ఎత్తనందున భయపడి నాకు వార్త పంపినట్లు తెలిసినది. ఆ నాలుగుమార్లును మా తల్లిగారు యంత్రమునకు చేరెడు దూరములోనే కూర్చుండియుండిరి! యంత్రము వినుటను, పలుకుటను పరీక్షించిన నేను, అది మ్రోగునా లేదా యని పరీక్షింపనైతిని. విద్యార్థి సగము పరీక్ష వ్రాసి వచ్చినచో మనమేమందుము?

మరునాడు ఒక అంగడికి తీసికొనిపోగా, అంగడివాడు మూతయైనను తీయక, "ఇది చచ్చిన సరుకు, పాతసామానులవానికి ఇచ్చివేయుడు" అనెను. నాకు మనసొప్పక, శనివారమున దానిని మన విజ్ఞానశాస్త్రపు గదికి తెచ్చి, పదవ తరగతి బాలుర యెదుట మూత విప్పితిని.

విద్యుద్గంటనుగూర్చి నేను ఇరువదేండ్లుగా పాఠము చెప్పుచున్నాను. మన పాఠశాల గంటలో ప్రవాహమును తానే తెంచుకొని తానే కలుపుకొను మీట యొకటి యుండును. అది లేనిదే సుత్తి మరల మరల కొట్టదు. ఈ యంత్రములో ఎంత వెదకినను అట్టి మీట కానరాలేదు. "ఎవరో ఆ భాగమును ఊడదీసిరి, అందుచేతనే ఇది మూగవోయినది" అని నిశ్చయముగా చెప్పితిని. అప్పుడు వెనుక బల్లనుండి యొక బాలుడు మెల్లగా లేచి, "మాస్టరుగారూ, తీగలో వచ్చు విద్యుత్తే అటునిటు మారుచుండినయెడల తెంచు మీట యెందులకండీ?" అని యడిగెను. ఆ బాలుడు తరగతిలో నోరు విప్పుట నేను ఎన్నడును వినియుండలేదు. కాదని చెప్పుటకు తెరచిన నా నోరు అట్లే నిలిచిపోయినది. ఏలయనగా అతడు చెప్పినదే నిజము.

టెలిఫోను గంట వేరు జాతిది. గ్రాహంబెల్లు సహాయకుడగు వాట్సను 1878లో కనిపెట్టిన పద్ధతి యది. రెండు తీగచుట్టల యెదుట ఇనుపరేకు ఊయెలవలె ఊగునట్లు అమర్చబడి, దానియొద్ద శాశ్వత అయస్కాంత ముండును. ప్రవాహము ఒకదిశగా వచ్చినప్పుడు రేకు ఒకవైపునకును, దిశ మారినప్పుడు రెండవవైపునకును ఒరగును. రేకునకు తగిలించిన సుత్తి రెండు గిన్నెల నడుమ ఆడుచు ఒకదాని వెంట నొకదానిని కొట్టును. టెలిఫోను తీగలో మామూలుగా ఏకదిశలో రమారమి 48 వోల్టుల విద్యుత్తుండును. పిలుపు వచ్చినప్పుడు మాత్రము మన దేశపు పద్ధతిలో సుమారు 75 వోల్టుల బలముతో, సెకనునకు 25 ఆవృత్తుల వేగముతో దిశ మారు విద్యుత్తును పంపెడివారు. గంటకు ముందు కెపాసిటరొకటి కావలికాయును. ఏకదిశా ప్రవాహమును అది రానీయదు. దిశ మారు ప్రవాహమును పోనిచ్చును. కావున గంట సదా తీగను అంటియున్నను, పిలుపు వచ్చువరకు మౌనముగా నుండును. విద్యార్థులారా, పిలుపు విద్యుత్తు చేతికి తగిలినచో గట్టిగా కొట్టును. తీగను గోడనుండి ఊడదీయక ఇట్టి యంత్రపు మూత నెన్నడును విప్పకుడు.

ఆ బాలుడే యంత్రముమీదికి వంగి, వ్రేలితో ఒక తీగకొనను చూపెను. గంటచుట్టనుండి వచ్చిన యా తీగ తన మరయొద్ద లేదు. దానిని విప్పి ప్రక్కకు మడచి, కొనకు నూలుదారము దగ్గరదగ్గరగా చుట్టి ముడివేసియుండిరి. ఆ ముడిని నేనెరుగుదును. మా తండ్రిగారు మామిడి అంట్లకు చుట్టు ముడి యది.

సాయంకాలము ఈ సంగతి చెప్పగా మా తల్లిగారు కొంతసేపు ఊరకుండి, "2004లో నాకు టైఫాయిడు జ్వరము వచ్చినప్పుడు యంత్రము నా మంచము ప్రక్కనే యుండెను" అనిరి. అప్పుడు నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుంటిని. చెల్లెలు వసతిగృహములో నుండెను. ముందుగదిలో మీటల టెలిఫోను వేరొకటి యుండెను గనుక, పిలుపులను తండ్రిగారు అచ్చటనే యందుకొనెడివారు. ఆమె నిద్ర చెడకుండుటకై ఈ గంటను వారే విప్పిరి కాబోలును. ఆ సంగతి ఆమెతో చెప్పలేదు. తరువాత మరచిరి. "ఆ నెలంతయు నన్నెవరును అడుగలేదని లోలోపల ఏడ్చితినిరా. మీ నాన్న ఇట్లు చేసిరా!" అని నవ్వుచు కన్నులు తుడుచుకొనిరి.

తీగను దాని మరకు బిగించితిని. నా చేతి టెలిఫోనునుండి పిలువగా కటకటయని పెంకు చప్పుడు మాత్రము వచ్చెను. నేటి పెట్టె తనలోనే పిలుపు విద్యుత్తును పుట్టించుకొనును. అట్టి పెట్టెలన్నియు పాత గంటకు చాలినంత బల మీయవు. మా పెట్టెకును బలము చాలదేమోయని శంకించితిని. కాని దోషము అచ్చట లేదు. గిన్నె యొకటి జరిగి సుత్తికి ఆనుకొనియుండెను. ఆనుకొన్న గిన్నె మ్రోగదు. ఆ గిన్నెల మరరంధ్రము నట్టనడుమ గాక కొంచెము ప్రక్కగా నుండును. అందుచేత గిన్నెను త్రిప్పినకొలది సుత్తికి దగ్గరగనో దూరముగనో జరుగును. మర సడలించి పావు చుట్టు త్రిప్పి మరల బిగించితిని. మరల పిలువగా ఇల్లంతయు మ్రోగినది! ప్రక్కయింటివారు తలుపు తీసి చూచిరి.

ఇంకను రెండు లోపములు మిగిలెను. చక్రము త్రిప్పినచో పెట్టె లక్ష్యపెట్టలేదు. 1963లో అమెరికాలో మొదలైన మీటల పద్ధతిలో ఒక్కొక్క అంకెకు రెండేసి స్వరములు కలిసి పలుకును. మా పెట్టె ఆ స్వరముల నెరుగును గాని తెంపులను లెక్కింపనేరదు. తెంపులను స్వరములుగా మార్చు చిన్న పరికరమును తెప్పించి నడుమ నుంచితిని. ఇక రెండవది. పూర్వము టెలిఫోనునకు కావలసిన విద్యుత్తు కేంద్రములోని బ్యాటరీలనుండి రాగితీగవెంట వచ్చుచుండెను గనుక, ఇంట దీపములు ఆరినను టెలిఫోను పలుకుచుండెను. ఈ పెట్టె మా యింటి విద్యుత్తుమీద బ్రతుకును. కావున దానికి బ్యాటరీ యొకటి యమర్చవలసి వచ్చినది.

మరుసటి బుధవారము ఎనిమిది గంటలకు గంట మ్రోగెను. నేను ప్రక్కనే యుంటిని. మా తల్లిగారు పిడిపై చేయి వేసియు ఎత్తలేదు. "ఎత్తుము అమ్మా" అంటిని. "ఉండుమురా, ఇంకొకమారు మ్రోగనిమ్ము" అనిరి.

ఆ రాత్రి నేను విద్యార్థుల ప్రగతి పత్రములను ముందు వేసికొని కూర్చుంటిని. వెనుక బల్ల బాలుని పత్రముమీద గత సంవత్సరము నేనే "తరగతిలో పాల్గొనడు, మందబుద్ధి" అని వ్రాసియుంటిని. అంగడివాడు యంత్రమును చూచినట్లే, మూతయైనను తీయక చూచితిని. ప్రశ్న నడిగి, జవాబు రానంతనే ప్రక్కవానిని అడుగుట నా యలవాటు. అది ఆ బాలునికి చాలిన పిలుపు కాదు. ఆ వ్రాతను కొట్టివేయక, దాని క్రింద "ఇది నా తప్పు" అని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసితిని. ఇప్పుడు ప్రశ్న నడిగిన పిమ్మట మనసులో ఇరువది లెక్కించి గాని వేరొకని అడుగను. వెనుక బల్లనుండి జవాబులు వచ్చుచున్నవి.

తల్లిదండ్రులారా, మీ యింట నోరు విప్పని బిడ్డ యుండినయెడల తొందరపడి పేరు పెట్టకుడు. తీగ యొకటి యెచ్చటనో విప్పబడి యుండవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రేమచేతనే విప్పబడి యుండవచ్చును. ముందు మూత తీసి చూడుడు.