నీళ్లలోంచి లేచే గుడి

ఆళ్లగడ్డ, నంద్యాల కుర్రాళ్లకు ఒక్కరోజు ట్రిప్ అంటే అహోబిలం, లేదంటే మహానంది. ఎండలు ముదరకముందే ఈసారి ఆత్మకూరు మీదుగా సంగమేశ్వరం వెళ్లి చూడండి.

ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ గుడి శ్రీశైలం జలాశయం అడుగునే ఉంటుంది. నిండుగా ఉంటే నీటిమట్టం 885 అడుగులు. అది 840కి అటూఇటూగా దిగేసరికి ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి బయటపడతాయి. ఆ మధ్యలో కొన్నాళ్లు చుట్టూ నీళ్లే, అచ్చం లంక! శిఖరం ఒక్కటే కనబడే రోజుల్లో పూజారి పడవలో వెళ్లి దానికే పూజ చేస్తారు.

లోపలి శివలింగం రాతిది కాదు, వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠ అని స్థలపురాణం. అన్ని నెలలు నీళ్లలో నానే చెక్క ఇంకా నిలిచి ఉందంటే చూసేదాకా నమ్మబుద్ధి కాదు.

శివరాత్రికి తేలుతుందా లేదా అన్నది ఏటా టెన్షనే. తేలకపోతే గట్టు మీది గుడిలోనే పండగ.

1980లలో డ్యామ్ నిండినప్పుడు మునిగింది గుడి ఒక్కటే కాదు, ఊళ్లకు ఊళ్లు. పక్కన నిలబడ్డ పెద్దాయన నీళ్లవైపు చెయ్యి చూపించి ‘మా ఇల్లు ఆడుండేది నాయనా’ అంటే, సెల్ఫీ ఆపి కాసేపు వినండి.

బయల్దేరేముందు ఫోన్‌లో శ్రీశైలం నీటిమట్టం చూసుకోండి. కృష్ణకు వరదొచ్చిందంటే గుడి మళ్లీ లోపలికే.