కడియంలో గింజల కోసం ఒక రోజు

రాజమండ్రి దాటి రావులపాలెం వైపు హైవే ఎక్కండి. వేమగిరి దాటాక రోడ్డుకి రెండు వైపులా సీన్ మారిపోతుంది. వరి పొలాల బదులు నల్ల కవర్లలో నిలబెట్టిన మొక్కలు కనిపిస్తాయి. లక్షల మొక్కలు, వరసలు వరసలుగా, అసెంబ్లీలో నిలబడ్డ స్కూల్ పిల్లల్లా. కడియపులంక వచ్చేసరికి బస్సు కిటికీలోంచి ఇక అవే. షేడ్ నెట్లు, మట్టి కుప్పలు, తట్టలు మోసే ఆడవాళ్లు, లోడ్ ఎక్కించుకుంటున్న లారీలు. దేశంలో ఎక్కడెక్కడి పార్కులకో, విల్లాలకో, హైవే డివైడర్లకో వెళ్లే మొక్కలు ఇక్కడే బండి ఎక్కుతాయి.

ఇక్కడే ఎందుకు అంటే కారణం నీళ్లు, మట్టి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలు వచ్చాయి. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మట్టి ఎలాగూ ఉంది. దానికి తోడు అంటు కట్టే చేతులు. తాత చేస్తుంటే తండ్రి, తండ్రి చేస్తుంటే కొడుకు చూసి నేర్చుకున్న పని అది.

జనం ఎక్కువగా డిసెంబర్, జనవరిల్లో వస్తారు. పూల సీజన్ కదా, ఫొటోలు బాగుంటాయి. నేను మాత్రం జూన్ చివర్లో వెళ్లాను. హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్కి పొద్దున్నే రాజమండ్రిలో దిగి, షేర్ ఆటోలో కడియం చేరాను. నాకు కావాల్సింది పూలు కాదు. ఒక మామిడి చెట్టు గురించి అడగాలి.

"మీ చెట్టు రాదండి"

రావులపాలెం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఇంటి పెరట్లో ఒక మామిడి చెట్టు ఉంది. బంగినపల్లి కాదు, కొత్తపల్లి కొబ్బరి కాదు, రసం కాదు. దానికి పేరు లేదు. అమ్మమ్మ చిన్నప్పుడు ఎవరో తిని పారేసిన టెంక మొలిచిందట. కాయ చిన్నది, పీచు ఎక్కువ, కానీ ఆ పులుపు ఇంకెక్కడా తగల్లేదు. మా ఇంట్లో ఆవకాయ అంటే ఆ చెట్టు కాయే. అమ్మమ్మ పోయాక మామయ్య ఆ స్థలం అమ్మేశాడు. కొన్నవాళ్లు ఇల్లు కట్టుకుంటారు, చెట్టు కొట్టేస్తారు. వాళ్లని అనడానికి ఏం లేదు. దసరా దాకా ఆగుతామన్నారు, అదే గొప్ప.

నా బ్యాగ్‌లో ఆ చెట్టు టెంకలు ఓ పాతిక ఉన్నాయి. వీటిని పెడితే చెట్టు నిలుస్తుందని నా లెక్క. ఒక పాత నర్సరీలో పెద్దాయనకి చూపించి అడిగాను. ఆయన ఒక టెంక చేతిలోకి తీసుకుని, "టెంక పెడితే మామిడి చెట్టు వస్తుందండి బాబు. మీ చెట్టు రాదు," అన్నారు.

విషయం ఏంటంటే, మన దగ్గర ఉన్న మామిడి రకాల్లో దాదాపు అన్నిటికీ టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది తల్లి చెట్టు పూవు, ఏ పక్క చెట్టు నుంచో ఈగ మోసుకొచ్చిన పుప్పొడి కలిసి పుట్టిన బిడ్డ. అమ్మ పోలిక ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కేరళ, కర్ణాటక తీరంలో కొన్ని రకాలు మాత్రం టెంక నుంచి కూడా తల్లిలాగే వస్తాయి. మనవి అలా కాదు. అదే చెట్టు కావాలంటే దాని కొమ్మ తెచ్చి అంటు కట్టాలి. మా ఆఫీస్ భాషలో చెప్పాలంటే అంటు కాపీ పేస్ట్, గింజ కొత్త వెర్షన్. కొత్త వెర్షన్‌లో ఏముంటుందో రిలీజ్ అయ్యేదాకా ఎవరికీ తెలీదు. మామిడికి ఆ రిలీజ్ డేట్ ఆరేడేళ్లు, ఒక్కోసారి పదేళ్లు.

పైన కాపీ, కింద గింజ

"మరి మీ దగ్గర గింజలకి పనే లేదా?" అని అడిగాను. ఆయన నవ్వి వెనక వైపు తీసుకెళ్లారు. అక్కడ మడుల నిండా మామిడి టెంకలు. జ్యూస్ ఫ్యాక్టరీల నుంచి, పచ్చళ్ల వాళ్ల నుంచి వచ్చినవి. జూన్, జూలైల్లో నాటేస్తారు. కొన్ని అప్పుడే మొలిచి, రాగి రంగు లేత ఆకులతో నిలబడ్డాయి. వాటి మీదే అంటు కడతారు.

మనం నర్సరీలో కొనే ప్రతి మామిడి అంటుకీ కాళ్లు టెంకవే. వేరు ఏదో పేరు తెలీని గింజది, పైన బంగినపల్లి. ఎడారి గులాబీ, అదే అడీనియం, దానికీ అంతే. కింద బొద్దుగా ఉబ్బి కనిపించే మొదలు గింజ నుంచి పెంచిన మొక్కకే అంత అందంగా వస్తుంది, కొమ్మ గుచ్చితే అలా రాదు. అందుకే గింజ మొక్క పెంచి, దాని మీద నచ్చిన రంగు పూల కొమ్మని అంటు కడతారు.

ఇక తాటి జాతి మొక్కలు. రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పామ్ లాంటివి ఒంటి కాండంతో పెరుగుతాయి, వాటికి కొమ్మలే ఉండవు. కొమ్మ లేనప్పుడు అంటు ఎక్కడ కడతాం? గింజే దిక్కు. అవి మొలవడానికి నెలలు పడుతుంది. విల్లా గేటు దగ్గర నిలబెట్టే పామ్‌కి అంత రేటు ఎందుకో నాకు అక్కడ అర్థమైంది. మనం కొనేది ఎవరో ఎదురుచూసిన సంవత్సరాల్ని.

గింజకీ తాళం ఉంటుంది

ఇంట్లో గింజలు పెట్టినవాళ్లు చెప్పే కామన్ మాట, "పెట్టాను, మొలవలేదు" అని. గింజలన్నిటికీ ఒకే పద్ధతి కుదరదు. ఆ రోజు కడియంలో విన్నవి, తర్వాత నా బాల్కనీలో చేసి చూసినవి ఇవి.

తురాయి, రేల, నిద్రగన్నేరు, శంఖు పూలు: వీటి పెంకు గట్టిది, నీరు లోపలికి పోదు. నెయిల్ కట్టర్‌తో పెంకు మీద చిన్న గాటు పెట్టండి. కాయకి అంటుకుని ఉండే కొన వైపు వద్దు, దానికి ఎదురు వైపు పెట్టాలి. లేదంటే నీళ్లు మరిగించి, పొయ్యి ఆపేసి, గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి ఉబ్బినవి నాటండి. ఉబ్బనివాటికి గాటు పెట్టండి. శంఖు పూలకి అంత వేడి అక్కర్లేదు, మామూలు నీళ్లలో రాత్రంతా నానితే చాలు.

వేప, నేరేడు, పనస, మామిడి: ఇవి పూర్తిగా రివర్స్. ఆరబెట్టి డబ్బాలో దాచితే చచ్చిపోతాయి. వేప గింజకి మొలిచే శక్తి రెండు మూడు వారాల్లోనే బాగా పడిపోతుంది. పండు గుజ్జు కడిగేసి వెంటనే నాటాలి. ఆన్‌లైన్‌లో వేప గింజల ప్యాకెట్ కనిపిస్తే, అది ఎప్పటిదో ఆలోచించండి.

టేకు: ఒక్కో కాయలో నాలుగు గింజల దాకా ఉండొచ్చు. పగలు ఎండలో, రాత్రి నీళ్లలో, అలా ఓ వారం, పది రోజులు చేస్తే పెంకు మెత్తబడుతుంది. అయినా అన్నీ ఒకేసారి రావు. ఓపిక పట్టాలి.

అడీనియం: కాయలు జంట కొమ్ముల్లా వస్తాయి. పండాక పగిలి, కుచ్చులున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. అందుకే పగలకముందే కాయకి దారం చుట్టి ఉంచుతారు. తాజా గింజ వారంలోపే మొలుస్తుంది. పాలు మాత్రం విషం, చేతులు కడుక్కోండి.

బిళ్లగన్నేరు, పెటూనియా: రెండూ చిన్న గింజలే, పద్ధతి మాత్రం వేరు. బిళ్లగన్నేరు గింజకి చీకటి కావాలి, పైన మట్టి కప్పాలి. పెటూనియాకి వెలుతురు కావాలి, మట్టి పైన చల్లి వదిలేయాలి.

మిగతా వాటికి ఒకే రూల్: గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు. కొబ్బరి పొట్టు, ఇసుక, బాగా చివికిన ఎరువు కలిపితే సరిపోతుంది. నారు మొదట్లో మెత్తబడి పడిపోతుంటే తెగులు వచ్చినట్టు. సాధారణంగా అది నీళ్లు ఎక్కువై, గాలి తగలక వస్తుంది. కప్పు అడుగున కన్నం పెట్టి, కింద ప్లేట్‌లో నీళ్లు పోసి, పైమట్టి తడిశాక ఆ ప్లేట్ తీసేయండి. నాటిన తేదీ ఐస్‌క్రీమ్ పుల్ల మీద రాసి గుచ్చండి. నెల తర్వాత ఏ కప్పులో ఏముందో గుర్తుంటుంది అనుకోకండి, ఉండదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే గురివింద గింజల జోలికి మాత్రం వెళ్లొద్దు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, నమిలితే ప్రాణాంతకం.

అద్దె ఇంట్లో చెట్టు ఎలా?

ఇది మనలో చాలామంది ప్రశ్న. నాదీ టూ బీహెచ్‌కే అద్దె ఫ్లాట్, నాలుగో అంతస్తు. తురాయిని బాల్కనీలో పెంచి పెద్ద చేస్తానంటే ఓనర్ కంటే ముందు ఆ చెట్టే ఒప్పుకోదు.

కానీ చెట్టుకి మన దగ్గర జీవితాంతం ఉండక్కర్లేదు. మొదటి ఏడాది, ఏడాదిన్నర కాపాడితే చాలు. గింజ నుంచి నడుమెత్తు మొక్క అయ్యేదాకా. మేకలు, ఎండ, నీటి ఎద్దడి చెట్లని ఎక్కువగా చంపేది ఆ వయసులోనే. ఆ టైమ్‌కి బాల్కనీ సరిపోతుంది. ఆ తర్వాత వానలు పడగానే నేల ఉన్నవాళ్లకి ఇచ్చేయాలి. వేరు కవర్‌లో గుండ్రంగా చుట్టుకోకముందే ఇవ్వాలి. చుట్టుకున్న వేరు నేలలోకి వెళ్లినా సరిగ్గా సాగదు. నేను పెంచిన రెండు రేల మొక్కలు ఇప్పుడు మా కొలీగ్ వాళ్ల ఊరి స్కూల్ గోడ పక్కన ఉన్నాయి. గోడకి మరీ దగ్గర పెట్టొద్దని చెప్పి మరీ పంపాను.

ఇక మామిడి సంగతి. పెద్దాయన ఎలా చెప్పారో అలాగే చేశాను. ఆ ఏటి పువ్వు పూయని, పెన్సిల్ మందం ఉన్న కొమ్మల్ని ఎంచి, ముందుగా ఆకులు తుంచేసి, వారం తర్వాత మొగ్గలు ఉబ్బాక కోసి, తడి గుడ్డలో చుట్టి అదే రోజు కడియం చేర్చాం. మామయ్యే బండి మీద తీసుకొచ్చాడు. దారిలో ఏం మాట్లాడలేదు. పది కడితే నాలుగు పట్టాయి. ఒకటి మామయ్య కొడుకు పొలం గట్టు మీద ఉంది, ఒకటి మా అమ్మ వాళ్ల పెరట్లో. రెండు ఇంకా నర్సరీలోనే పెరుగుతున్నాయి.

టెంకల్ని కూడా పారేయలేదు. పాతికలో పద్దెనిమిది మొలిచాయి. వాటిలో ఆవకాయ పులుపు ఎన్నిటికి వస్తుందో చెప్పలేం. అయితే ఆ రోజు ఆటో కోసం ఎదురుచూస్తుంటే పెద్దాయన ఇంకో మాట అన్నారు. "అంటు ఉన్నదాన్ని నిలబెడుతుందండి. కొత్తది మాత్రం గింజే ఇవ్వాలి." నిజమే కదా. మనం పేరుపెట్టి పిలుచుకునే పాత మామిడి రకాల్లో చాలావరకు ఒకప్పుడు టెంక నుంచి మొలిచిన చెట్లే. ఎవరో తిని, బాగుందని గుర్తుపెట్టుకుని, అంటు కట్టారు. అమ్మమ్మ చెట్టూ అలా పుట్టిందే, పేరు పెట్టేవాళ్లు దొరకలేదంతే.

మీరు కడియం వెళ్తే జనవరిలో పూలు చూడండి, తప్పకుండా. కానీ వీలైతే జూన్, జూలైల్లో కూడా ఒకసారి వెళ్లండి. వెనక మడుల్లోకి తీసుకెళ్లమని అడగండి, చాలామంది కాదనరు. పనిలో ఉంటారు కాబట్టి ఎండ ఎక్కకముందే వెళ్లడం మంచిది. అంత దూరం కుదరకపోతే మీ వీధిలోనే మొదలుపెట్టండి. వేప పండ్లు రాలే కాలం వస్తే చాలు. పది ఏరండి, గుజ్జు కడగండి, ఆ సాయంత్రమే నాటండి. వచ్చే నెలకి వాయిదా వేస్తే ఆ గింజ ఆగదు.