తాత మళ్ళీ సైకిలెక్కాడు

పిల్లలూ! ఈత, సైకిలు ఒకసారి వస్తే మరి మరచిపోమని పెద్దలు అంటూ ఉంటారు. అది ఎంతవరకు నిజమో అరవై దాటిన తరువాత నేనే పరీక్షించి చూశాను.

పంతులుగా కొత్తగా చేరినప్పుడు నేను మహబూబ్‌నగర్ వైపు ఒక పల్లెలో పనిచేశాను. రోజూ బడికి సైకిలు మీదనే వెళ్ళేవాణ్ణి. తరువాత స్కూటరు వచ్చింది, సైకిలు మూలపడింది. ముప్ఫయి ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. ఒకనాడు మనుమరాలు, "తాతా, నీకు సైకిలు వచ్చా?" అని అడిగింది. "ఎందుకు రాదు!" అన్నాను గాని, లోపల భయమే. ఈ వయసులో పడితే ఎముక విరగవచ్చు కదా!

మైదానంలో సైకిలెక్కాను. నాలుగు గజాలు వంకరటింకరగా పోయి, తరువాత తిన్నగా సాగింది! సైకిలు ఎడమకు ఒరిగితే హాండిలును కొద్దిగా ఎడమకే తిప్పాలి. అప్పుడు చక్రాలు మళ్ళీ మన బరువు కిందికి వస్తాయి. ఈ పని మనం ఆలోచించి చేయము. తల వెనుక భాగంలో ఉన్న చిన్నమెదడు ఇటువంటి అలవాట్లను నేర్చుకోవడానికి, నిలుపుకోవడానికి తోడ్పడుతుంది.

ఆ సంతోషంలో వెనక్కు తిరిగి మనుమరాలి వైపు చూడబోయాను. మెడ మునుపటివలె తిరగలేదు. భుజాలతోపాటు హాండిలూ తిరిగింది. దభీమని పడ్డాను! అదృష్టవశాత్తు మోకాలు గీసుకుపోయిందంతే. నేర్చిన విద్య ఉన్నది, నేర్చిన నాటి ఒళ్ళు లేదు. ఆ సంగతి నేను మరచిపోయాను.

మరునాటి నుంచి మనుమరాలే నాకు పంతులమ్మ. తలకు హెల్మెట్ పెట్టించింది. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేటట్టు సీటు ఎత్తు సరిచేశాము. వెనక్కు చూడవలసివస్తే ఆగి చూడాలని నియమం పెట్టుకున్నాను.

నెల తరువాత ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం పానగల్లుకు బయలుదేరాము. నల్లగొండకు సుమారు 4 కిలోమీటర్లు. మాది గుట్టల సీమ గనక దారిలో ఎగుడుదిగుళ్ళు తప్పవు. ఒక ఎత్తుమీద ఆయాసం వచ్చింది. దిగి నడిపించుకుంటూ పోయాను. వెనకటి రోజుల్లో అయితే నామోషీ అనుకునేవాణ్ణి!

పానగల్లులో ఉదయసముద్రం చెరువును, దాని దగ్గరే ఛాయా సోమేశ్వరాలయాన్ని చూశాము. ఇవి కందూరు చోడుల కాలంనాటివి. గుడిలో ఒకే మండపానికి మూడు గర్భగుళ్ళు. వాటిలో ఒకదాని గోడమీద, శివలింగం వెనుక, స్తంభం వంటి నీడ పగలంతా నిలిచి ఉంటుంది. పొద్దు కదిలినా నీడ కదలదు! అది ఏ ఒక్క స్తంభపు నీడా కాదు. బయటి వెలుతురు నలుదిక్కులా చెదిరి లోపలికి వస్తుంది. మండప స్తంభాలు దానిని అడ్డగించినప్పుడు ఏర్పడే నీడలు అక్కడ ఒక్కటిగా కలుస్తాయి.

"నీ సైకిలు విద్య కూడా ఈ నీడలాంటిదే తాతా! ఇన్నేళ్ళు గడిచినా కదలలేదు," అన్నది మనుమరాలు.

పిల్లలూ! మీ ఇంట్లో కూడా సైకిలు మానేసిన తాతో, నాన్నమ్మో, నాన్నో ఉన్నారా? వారిని ఒకసారి అడిగి చూడండి. మీరు నేర్చుకున్నప్పుడు వెనుక సీటు పట్టుకున్నది వారే. ఇప్పుడు పట్టుకోవడం మీ వంతు!