తొట్టి పైపు విప్పే ముందు



దమ్ములు మొదలయ్యే ముందు మా గాజువాక ఆటోనగర్‌కు సబ్బవరం, పరవాడ, అనకాపల్లి వైపు నుంచి ట్రాక్టర్లు వస్తుంటాయి. హోస్ పైపులకు క్రింపింగ్ చేసే కొట్టు దగ్గర కాసేపు నిలబడండి. “పైపు ఎక్కట్లేదండీ” అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. తెచ్చిన కప్లింగ్ మూతి చూస్తే మిగతా కథ అడగక్కర్లేదు. అంచు నిండా సుత్తి దెబ్బలు, లోపలి చిన్న వాల్వు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. కొత్తది బిగించుకుని వెళ్తారు. అలవాటు మారకపోతే మళ్లీ వస్తారు.

కప్లింగ్‌లో ట్రాక్టరు వెనక ఉండేది ఆడ ముక్క, తొట్టి పైపు చివర ఉండేది మగ ముక్క. రెండింటిలోనూ స్ప్రింగు మీద నిలిచే వాల్వులుంటాయి. కలిపినప్పుడు అవి ఒకదాన్నొకటి వెనక్కి నెట్టుకుని నూనెకు దారిస్తాయి, విడదీయగానే మూసుకుంటాయి. పైపు విప్పినా నూనె ధార కట్టకపోవడం వీటి చలవే. అయితే పైపులో మిగిలిన నూనె కూడా అక్కడే బందీ అయిపోతుంది.

దానిమీద మన ఎండ పడుతుంది. నూనె వేడికి ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటుండదు. ఉక్కు గొట్టంలో బిగించిన నూనె ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 10 బార్ల ఒత్తిడి పెరుగుతుంది. రబ్బరు పైపు కాస్త సాగుతుంది కాబట్టి అంత పెరగదు. అయినా పొద్దున్న చల్లగా ఉన్న పైపు మధ్యాహ్నానికి యాభై బార్లు పట్టిందనుకోండి. బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువు. బొటనవేలి గోరంత వాల్వును యాభై కిలోలు లోపలి నుంచి నెడుతుంటే మీ అరచెయ్యి ఏం చేస్తుంది? అప్పుడే సుత్తి బయటికొస్తుంది.

నా మాటల్లా ఒకటే. పైపు ఎక్కకపోవడానికి బీజం దాన్ని విప్పిన రోజే పడుతుంది. విప్పే ముందు తొట్టిని పూర్తిగా కిందికి దించండి. నాగలైతే నేలమీద ఆనించండి. ఇంజన్ ఆపి, హైడ్రాలిక్ లీవరును ముందుకూ వెనక్కీ నాలుగైదు సార్లు ఆడించండి. రెండు పైపుల పనిముట్టయితే, అంటే తిరగేసే హైడ్రాలిక్ నాగలి లాంటిదైతే, లీవరు రెండు వైపులా కొసదాకా వెళ్లాలి. అప్పుడు ఆడ ముక్క మీది కాలరు లాగితే పైపు మాట వింటుంది. పనిముట్టును నీడలో పెడితే మరీ మంచిది. ఇదంతా చేసినా నిమిషం పట్టదు, మన డ్రైవర్లకు మాత్రం ఆ నిమిషమే దొరకదు!

ఎక్కకపోతే మగ ముక్క మొనను రాతికేసి కొట్టి నూనె చిమ్మించేవాళ్లున్నారు. జాయింటు నట్టు వదులు చేసేవాళ్లూ ఉన్నారు. రెండూ ప్రమాదమే. ట్రాక్టరు పంపు 150 నుంచి 200 బార్ల దాకా ఇస్తుంది. సూదిమొనంత కంతలోంచి వచ్చే నూనె చర్మంలోకి దూరడానికి సుమారు 7 బార్లు చాలు. అలాంటి గాయాల గురించి వైద్యులు 1937 నాటికే రాశారు. చూస్తే ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా తెలియకపోవచ్చు. గంటలు గడిచేకొద్దీ లోపలి కండ చెడిపోతుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అందుకే పసుపు రాసి ఊరుకోకండి. వెంటనే విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లి, ఒత్తిడి మీద నూనె దూరిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. లీకు ఎక్కడుందో వెతకాలంటే చెయ్యి పెట్టొద్దు, అట్టముక్క అడ్డంపెట్టి చూడండి.

ఇంకో ఫిర్యాదు: “తొట్టి లేస్తోంది, దిగట్లేదు.” పంపు పాడైందని భయపడతారు గానీ చాలాసార్లు కప్లింగ్ సగమే కూర్చుని ఉంటుంది. పంపు తోపుడుకు వాల్వు తెరుచుకుని నూనె వెళ్తుంది. తిరిగొచ్చే దారిలో అదే వాల్వు మూసుకుపోతుంది. లేచిన తొట్టి కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు. గట్టి దిమ్మె ఆనించి, పక్కకు నిలబడి మెకానిక్కును పిలవండి. తగిలించేటప్పుడే టక్కుమని కాలరు ముందుకొచ్చిందా లేదా చూసి, పైపును ఒకసారి వెనక్కి లాగి పరీక్షిస్తే ఈ గొడవే ఉండదు.

ఇక దుమ్ము. మా గాజువాక వాళ్లకు దీని గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఉక్కు కర్మాగారం, రేవుల బొగ్గు పొడి, పైగా ఉప్పుగాలి. మూత లేని కప్లింగ్ ఇక్కడ తొందరగా తుప్పు పడుతుంది. పొలంలో బురద ఆ పని చేస్తుంది. చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సుకూ హైడ్రాలిక్కుకూ నూనె ఒక్కటే. అద్దె తొట్టి మూతికి అంటిన ఇసుక రేణువు మీ ట్రాక్టరు పంపులోకి, గేర్లలోకి చేరుతుంది. అందుకే పోగులు రాలని గుడ్డతో రెండు ముక్కలూ తుడిచాకే కలపండి. ప్లాస్టిక్ మూతలు చవకే, పోయినప్పుడల్లా కొనండి.

కొత్త కప్లింగ్‌కు వెళ్తే పాతది చేతిలో పట్టుకెళ్లండి. ఐఎస్ఓ 7241 ప్రమాణంలోనే ఎ, బి అని రెండు వరసలున్నాయి. సైజు ఒకటే అయినా ఒకదానిలో ఒకటి సరిగా కూర్చోవు.

చివరగా ఒక విన్నపం. మీలో చాలామంది ట్రాక్టరుకు యజమానులే గానీ, పైపు విప్పేది డ్రైవరు. ఈ ఉత్తరం అతనికి చదివి వినిపించండి. లీవరు ఆడించడం మీ ఎదురుగా ఒకసారి చేయించండి.

ఉంటాను,
మీ ఆటోనగర్ మిత్రుడు